ఎలక్ట్రోస్లాగ్ పునర్ద్రవీకరణం: ఉక్కు శుద్ధిలో విద్యుత్తు, ఉష్ణం - పరిశీలన

సారాంశం:
విమానాల ల్యాండింగ్ గేర్లు, టర్బైన్ రోటర్లు, భారీ బేరింగులు, అచ్చుల తయారీకి వాడే ఉక్కును ఒకసారి తయారుచేసిన తరువాత మళ్ళీ కరిగించి శుద్ధి చేయడం పరిపాటి. ఇందుకు అనుసరించే పద్ధతులలో ఎలక్ట్రోస్లాగ్ పునర్ద్రవీకరణం ముఖ్యమైనది. ఇందులో ఉక్కును కరిగించే వేడి బయటి మంట నుండి గాని, విద్యుత్ చాపం నుండి గాని రాదు. కరిగిన స్లాగ్ గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ స్లాగ్ నిరోధం వల్లనే వేడి పుడుతుంది. ఆ వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, దానిపై దిమ్మె నాణ్యత ఎలా ఆధారపడుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు పాఠ్యగ్రంథాలలో స్లాగ్‌కు వాడే ‘లోహమలం’ అనే పదం ఈ ప్రక్రియకు ఎంతవరకు సరిపోతుందో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎలక్ట్రోస్లాగ్, ఉక్కు శుద్ధి, విద్యుత్ నిరోధం, ఉష్ణవహనం, స్లాగ్ పొర, లోహమలం, చిట్టెం, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
పదేపదే భారం మోసే యంత్రభాగాలలో పగులు సాధారణంగా ఒక సూక్ష్మదోషం దగ్గర మొదలవుతుంది. ఆ దోషం ఉక్కులో చిక్కుకున్న ఆక్సైడు లేదా సల్ఫైడు కణం కావచ్చు, లోపలి చిన్న బోలు కావచ్చు, మూలకాలు సమంగా పరచుకోని ఒక చోటు కావచ్చు. కంటికి కనిపించని ఈ లోపం వేలసార్లు, లక్షలసార్లు పడిన భారంతో పగులుగా పెరుగుతుంది.

మామూలుగా పోతపోసిన దిమ్మెలో ఇటువంటి దోషాలు ఏర్పడటానికి కారణం అది గడ్డకట్టే తీరులో ఉంది. ద్రవ ఉక్కును పెద్ద మూసలో ఒకేసారి నింపితే గోడలకు ఆనుకున్న భాగం ముందుగా గడ్డకడుతుంది. కార్బన్, గంధకం, భాస్వరం వంటి మూలకాలు ఘనరూపంలో కంటె ద్రవంలో ఎక్కువగా ఇముడుతాయి. అందువల్ల గడ్డకట్టే అంచు ముందుకు జరిగేకొద్దీ అవి మిగిలిన ద్రవంలోకి నెట్టబడి, చివరగా గట్టిపడే మధ్యభాగంలోనూ పైభాగంలోనూ పోగుపడతాయి. ఉక్కు గడ్డకట్టేటప్పుడు సంకోచిస్తుంది గనుక అక్కడే బోలు కూడా ఏర్పడుతుంది.

ఈ దోషాన్ని నివారించడానికి ఒక మార్గం ఉంది. దిమ్మె అంతటినీ ఒకేసారి ద్రవంగా ఉంచకుండా కొద్దికొద్దిగా కరిగిస్తూ, కరిగిన దానిని కింది నుండి వెంటవెంటనే గడ్డకట్టించాలి. ఏ క్షణంలో చూసినా ద్రవరూపంలో ఉండే ఉక్కు ఒక చిన్న మడుగుకు పరిమితం కావాలి. ఎలక్ట్రోస్లాగ్ పద్ధతి ఈ పనిని చేస్తూనే మాలిన్యాలనూ తొలగిస్తుంది. ఈ రెండు పనులకూ ఆధారం స్లాగే.

2. చారిత్రక నేపథ్యం:
అమెరికాలో ఆర్. కె. హాప్కిన్స్ 1940లో పొందిన పేటెంటు ఈ పద్ధతికి పూర్వరూపంగా గుర్తింపు పొందింది. పరిశ్రమలో ఇది విస్తరించడానికి కారణమైన కృషి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని పాటన్ ఎలక్ట్రిక్ వెల్డింగ్ సంస్థలో జరిగింది. అక్కడ దళసరి పలకలను నిలువుగా అతికే ప్రయత్నంలో ఒక విశేషం వెల్లడైంది. కరిగిన స్లాగ్ తగినంత లోతున నిలిచినప్పుడు విద్యుత్ చాపం ఆరిపోయినా తీగ కరగడం ఆగలేదు. విద్యుత్తు స్లాగ్ గుండా ప్రవహిస్తూ వేడిని పుట్టిస్తున్నదని తేలింది. దీని నుండి మొదట ఎలక్ట్రోస్లాగ్ వెల్డింగ్, ఆ తరువాత ఎలక్ట్రోస్లాగ్ పునర్ద్రవీకరణం రూపొందాయి. 1958లో జపోరీజియాలోని ద్నిప్రోస్పెట్స్‌స్తాల్ కర్మాగారంలో తొలి పారిశ్రామిక కొలిమి పనిచేయడం ప్రారంభించింది. భారతదేశంలో 1973లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన మిశ్రధాతు నిగమ్, అనగా మిధాని, ప్రత్యేక ఉక్కుల తయారీలో ఈ పద్ధతిని వినియోగిస్తున్న సంస్థలలో ఒకటి.

3. కొలిమి నిర్మాణం:
ఈ కొలిమిలో నాలుగు ప్రధాన భాగాలు ఉంటాయి. మొదటిది, శుద్ధి చేయవలసిన ఉక్కుతోనే పోతపోసిన పొడవైన కడ్డీ. ఇదే ఎలక్ట్రోడ్. ఇది కరిగిపోతూ ఉంటుంది గనుక పైనుండి నెమ్మదిగా దించుతుంటారు. రెండవది, నీటితో నిరంతరం చల్లబరిచే రాగి మూస. మూడవది, మూస అడుగున ఉండి విద్యుత్తుకు తిరుగుదారి కల్పించే పీఠం. ఇదీ నీటితో చల్లబడుతుంది. నాలుగవది స్లాగ్. ఇందులో ప్రధానమైనది కాల్షియం ఫ్లోరైడు. దానికి సున్నం, అల్యూమినా కలుపుతారు. బరువు ప్రకారం 70 పాళ్ళు ఫ్లోరైడు, 15 పాళ్ళు సున్నం, 15 పాళ్ళు అల్యూమినా ఉన్న మిశ్రమం ప్రసిద్ధమైనది.

ఎలక్ట్రోడ్ కొన కరిగిన స్లాగ్‌లో కొద్దిగా మునిగి ఉంటుంది. కొన మీద పలుచని ద్రవపొర ఏర్పడి, చుక్కలుగా మారి, స్లాగ్ గుండా కిందికి జారుతుంది. ఉక్కు సాంద్రత స్లాగ్ సాంద్రతకు రెండు రెట్లకు పైగా ఉండటం వల్ల చుక్కలు అడుగుకు చేరి మడుగుగా ఏర్పడతాయి. ఆ మడుగు కింది నుండి గడ్డకడుతూ కొత్త దిమ్మెగా పెరుగుతుంది. ఈ విధంగా పై నుండి కిందికి ఎలక్ట్రోడ్, స్లాగ్, ద్రవ ఉక్కు, ఘన దిమ్మె, పీఠం వరుసగా ఉంటాయి. విద్యుత్తు సాగే దారి కూడా ఇదే.

4. విద్యుత్తు నడిచే తీరు:

4.1. వేడి స్లాగ్‌లోనే పుట్టడానికి కారణం:
ఒకే ప్రవాహం పై భాగాలన్నింటి గుండా సాగుతున్నప్పుడు వేడి ప్రధానంగా స్లాగ్‌లోనే ఎందుకు పుడుతుందన్నది మొదటి ప్రశ్న. వాహకంలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికీ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని 1840 దశకం ప్రారంభంలో జౌల్ నిరూపించాడు. ప్రవాహం అన్ని భాగాలలో ఒకటే గనుక నిరోధం ఎక్కువగా ఉన్నచోట వేడి ఎక్కువగా పుడుతుంది. ద్రవ ఉక్కు వాహకత్వం మీటరుకు సుమారు 7 లక్షల సీమెన్స్. పని ఉష్ణోగ్రత వద్ద స్లాగ్ వాహకత్వం మీటరుకు కొన్ని వందల సీమెన్స్ మాత్రమే. రెండింటి మధ్య వ్యత్యాసం వెయ్యి రెట్లకు మించుతుంది. అందువల్ల కొలిమికి ఇచ్చిన వోల్టేజిలో అత్యధిక భాగం కొన్ని అంగుళాల లోతున్న ఆ స్లాగ్‌లోనే ఖర్చవుతుంది.

ఒక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. స్లాగ్‌కు అటూ ఇటూ 50 వోల్టుల తేడా ఉండి, 10,000 ఆంపియర్ల ప్రవాహం సాగుతున్నదనుకుంటే స్లాగ్ నిరోధం ఓమ్‌లో 200వ వంతు అవుతుంది. సంఖ్యగా ఇది చాలా స్వల్పం. అయినా ఆ స్వల్ప నిరోధంలోనే 500 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఎక్కువ ప్రవాహం, తక్కువ వోల్టేజి ఈ ప్రక్రియ లక్షణం.

4.2. అయాన్ల వాహకత్వం:
లోహంలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు. వేడి పెరిగితే వాటి కదలికకు ఆటంకం పెరిగి నిరోధం ఎక్కువవుతుంది. కరిగిన స్లాగ్‌లో విద్యుత్తును ప్రధానంగా అయాన్లు మోస్తాయి. వేడి పెరిగేకొద్దీ అవి మరింత తేలికగా కదులుతాయి గనుక నిరోధం తగ్గుతుంది. చల్లని ఘన స్లాగ్ దాదాపు విద్యుత్ బంధకం.

ఈ స్వభావం వల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. ఒకటి, ఘన స్లాగ్‌తో కొలిమిని నేరుగా ప్రారంభించడం సాధ్యం కాదు. మరొకచోట కరిగించిన స్లాగ్‌ను మూసలో పోయాలి, లేదా అడుగున ఉక్కు రజను ఉంచి కొంతసేపు చాపాన్ని రగిలించి స్లాగ్‌ను కరిగించాలి. రెండు, స్థిరమైన వోల్టేజి వద్ద స్లాగ్ వేడెక్కితే నిరోధం తగ్గి ప్రవాహం పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. చల్లబడితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. కాబట్టి ప్రవాహాన్నీ సామర్థ్యాన్నీ నిరంతరం సరిదిద్దే నియంత్రణ అవసరమవుతుంది.

4.3. ఏకాంతర విద్యుత్తు:
ఈ కొలిములలో ఎక్కువగా ఏకాంతర విద్యుత్తును వాడతారు. ఏకముఖ విద్యుత్తును వాడితే స్లాగ్‌లో విద్యుద్విశ్లేషణ చర్యలు ఒకే దిశలో సాగి, ధ్రువాన్ని బట్టి ఉక్కు సంఘటనలో మార్పులు కలుగుతాయి. అయితే ఏకాంతర విద్యుత్తుకూ ఒక పరిమితి ఉంది. 50 హెర్ట్‌జ్‌ల వద్ద ప్రవాహం ఉక్కు ఎలక్ట్రోడ్ మధ్యభాగాన్ని వదిలి వెలుపలి అంచుకు చేరుతుంది. అయస్కాంతత్వం కోల్పోయేంతగా వేడెక్కిన ఉక్కులో ఈ అంచు మందం సుమారు 7, 8 సెంటీమీటర్లు. అయస్కాంతత్వం మిగిలి ఉన్న చల్లని భాగంలో ఇంకా తక్కువ. స్లాగ్ వాహకత్వం తక్కువ గనుక దానిలో ఈ ప్రభావం లెక్కలోనికి రాదు. ఎలక్ట్రోడ్, దిమ్మె, తీగలు కలిసిన వలయం పెద్దదయ్యేకొద్దీ ప్రేరకత్వపు అడ్డంకి కూడా పెరుగుతుంది. అందుకే భారీ దిమ్మెల కొలిములలో పౌనఃపున్యాన్ని బాగా తగ్గించిన విద్యుత్తును వాడతారు.

ఇంత ప్రవాహం తన చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పరుస్తుంది. ఎలక్ట్రోడ్ వ్యాసం మూస వ్యాసం కంటె తక్కువ గనుక ప్రవాహం స్లాగ్‌లో దిగుతూ వెడల్పుగా పరచుకుంటుంది. అప్పుడు పుట్టే విద్యుదయస్కాంత బలం స్లాగ్‌ను మధ్యకు నెట్టి కిందికి తోస్తుంది. మరోవైపు చల్లని మూస గోడ దగ్గర స్లాగ్ బరువెక్కి గోడ వెంబడి కిందికి దిగుతుంది. ఎదురెదురు దిశలలో స్లాగ్‌ను తిప్పే ఈ రెండు బలాలలో ఏది పైచేయి అవుతుందన్న దానిపై వేడి పంపిణీ ఆధారపడుతుంది. విద్యుత్తు ఈ విధంగా వేడిని పుట్టించడమే కాక దానిని మోసుకుపోయే ప్రవాహాన్ని కూడా నడిపిస్తుంది.

5. ఉష్ణం నడిచే తీరు:

5.1. ఉష్ణవ్యయం:
గది ఉష్ణోగ్రతలో ఉన్న టన్ను ఉక్కును కరిగించడానికి సిద్ధాంతపరంగా 400 కిలోవాట్ గంటలకు కొద్దిగా తక్కువ శక్తి చాలు. ఈ కొలిమిలో ఖర్చయ్యేది సాధారణంగా 1,000 నుండి 1,500 కిలోవాట్ గంటలు. పై ఉదాహరణలోని 500 కిలోవాట్ల కొలిమి గంటకు 450 కిలోల ఉక్కును కరిగిస్తే టన్నుకు సుమారు 1,110 కిలోవాట్ గంటలు అవుతాయి. అందులో ఉక్కును కరిగించడానికి ఉపయోగపడేది దాదాపు మూడవ వంతు. మిగిలిన వేడిలో ఎక్కువ భాగం స్లాగ్ నుండి నేరుగా మూస గోడలోని నీటికీ, కొంత వికిరణం రూపంలో పైకీ పోతుంది.

తొలిచూపులో ఇది దుబారాగా తోస్తుంది. ఉక్కుకు చేరిన మూడవ వంతు వేడి కూడా అక్కడ నిలవదు. చుక్క మడుగులో చేరి గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని, గుప్తోష్ణంతో సహా, దిమ్మె తిరిగి వదలుకోవాలి. అదీ చివరకు నీటిలోనే కలుస్తుంది. కొలిమిలో పుట్టిన వేడి మొత్తం ఏదో ఒక దారిన బయటకు పోవలసిందే. ఏ దారిన, ఎంత వేగంతో పోతుందన్నదే దిమ్మె నాణ్యతను నిర్ణయిస్తుంది.

5.2. స్లాగ్ పొర:
స్లాగ్ ఉష్ణోగ్రత సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉంటుంది. రాగి 1,085 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అయినా రాగి మూస కరగకపోవడానికి నీటి చల్లదనంతో పాటు మరొక కారణం ఉంది. గోడను తాకిన స్లాగ్ వెంటనే గడ్డకట్టి కొన్ని మిల్లీమీటర్ల పొరగా మారుతుంది. ఈ పొర వేడిని నెమ్మదిగా పోనిస్తుంది, విద్యుత్తును చాలావరకు అడ్డుకుంటుంది. బాగా పలచబడిన చోట కొంత ప్రవాహం మూస గోడకు మళ్ళుతుంది.

దిమ్మె పెరిగేకొద్దీ ఈ పొర మూసకూ దిమ్మెకూ మధ్య నిలిచిపోతుంది. ద్రవ ఉక్కు మడుగు గోడ పక్కన తగినంత వేడిగా ఉంటే పొరను కొంత కరిగించి పలుచగా ఉంచుతుంది. అప్పుడు దిమ్మె ఉపరితలం నునుపుగా వస్తుంది. వేడి చాలకపోతే పొర మందమై, ఉపరితలంపై ముడతలు పడతాయి. వాటిని చెక్కివేయడంలో విలువైన ఉక్కు వృథా అవుతుంది.

5.3. మడుగు లోతు:
ఉపరితలం కోసం వేడిని పెంచడం సులభంగా తోచినా, దాని వల్ల ఉక్కు త్వరగా కరిగి మడుగు లోతెక్కుతుంది. మడుగు లోతుగా ఉంటే గడ్డకట్టే అంచు నిటారుగా నిలిచి స్ఫటికాలు గోడల నుండి మధ్యకు అడ్డంగా పెరుగుతాయి. మూలకాలు మధ్యన పోగుపడే పాత దోషం తిరిగి వస్తుంది. మడుగు తక్కువ లోతులో ఉంటే స్ఫటికాలు దిమ్మె అక్షానికి దగ్గరగా పైకి పెరుగుతాయి, ద్రవ ఉక్కు పైనుండి సంకోచాన్ని పూరిస్తుంది, బోలు ఏర్పడదు.

ఈ రెండింటికీ మధ్య ఎంచుకోవలసిన వేగానికి ఆచరణలో ఒక స్థూలమైన కొలత ఉంది. గంటకు కరిగే ఉక్కు కిలోలలో, మూస వ్యాసం మిల్లీమీటర్లలో చెప్పినప్పుడు మొదటి సంఖ్య రెండవ సంఖ్యకు సమానంగా గాని కొంత తక్కువగా గాని ఉండాలి. 500 మిల్లీమీటర్ల మూసలో గంటకు 450 కిలోలు కరిగిస్తే దిమ్మె గంటకు సుమారు 29 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండు మీటర్ల ఎత్తుకు, అనగా సుమారు మూడు టన్నుల దిమ్మెకు దాదాపు ఏడు గంటలు పడుతుంది. వ్యాసం 1,000 మిల్లీమీటర్లయితే గంటకు 900 కిలోలు కరిగించినా ఎదుగుదల 15 సెంటీమీటర్లకు పడిపోతుంది. మధ్యభాగపు వేడి గోడకు చేరవలసిన దూరం పెరగడమే ఇందుకు కారణం. దిమ్మె లావయ్యేకొద్దీ ఓపిక పెరగవలసి ఉంటుంది.

6. శుద్ధి జరిగే తీరు:
ఉక్కుకూ స్లాగ్‌కూ మధ్య రసాయన చర్య అవి తాకే ఉపరితలంపైనే జరుగుతుంది. ఒక కిలో ద్రవ ఉక్కును ఒకే గోళంగా ఊహిస్తే దాని ఉపరితలం సుమారు 130 చదరపు సెంటీమీటర్లు. అదే ఉక్కు 5 మిల్లీమీటర్ల వ్యాసం గల చుక్కలుగా విడిపోతే మొత్తం ఉపరితలం సుమారు 1,700 చదరపు సెంటీమీటర్లు, అంటే పదమూడు రెట్లు అవుతుంది. చుక్కగా మారకముందు ఎలక్ట్రోడ్ కొనపై పలుచని పొరగా పరచుకున్న దశలో ఈ సంపర్కం ఇంకా ప్రభావవంతంగా ఉంటుంది. ఆక్సైడు కణాలలో చాలావరకు ఇక్కడే స్లాగ్‌లో కరిగిపోతాయి. గంధకాన్ని సున్నం ఆకర్షిస్తుంది. గాలిలో పనిచేసే కొలిమిలో ఆ గంధకం స్లాగ్ పైభాగాన ఆక్సిజన్‌తో కలిసి వాయువుగా వెళ్ళిపోతుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. శూన్యంలో కరిగించే పద్ధతుల వలె ఇది హైడ్రోజన్‌ను తొలగించలేదు. స్లాగ్‌లోని సున్నం తేమను పీల్చుకొని ఉంటే హైడ్రోజన్ ఉక్కులో చేరి పగుళ్ళకు దారితీస్తుంది. అందుకే స్లాగ్ పదార్థాలను ముందుగా కాల్చి ఆరబెడతారు. అల్యూమినియం, టైటానియం వంటి మూలకాలు స్లాగ్‌తో చర్య జరిపి తరిగిపోయే అవకాశం ఉంది. వేడి స్లాగ్ నుండి వెలువడే ఫ్లోరైడు పొగలు కార్మికుల ఆరోగ్యానికి హానికరం గనుక వాటిని పీల్చి వడకట్టే ఏర్పాటు తప్పనిసరి.

7. కనబడని కొనను గుర్తించడం:
ఎలక్ట్రోడ్ కొన స్లాగ్‌లో ఎంత లోతున ఉన్నదో కంటితో చూడలేరు. ఆ సమాచారాన్ని కూడా విద్యుత్తే అందిస్తుంది. చుక్క ఏర్పడి రాలే ప్రతిసారీ కొనకూ మడుగుకూ మధ్య దూరం మారి నిరోధం స్వల్పంగా ఊగుతుంది. కొన స్లాగ్ ఉపరితలానికి దగ్గరగా ఉంటే ఈ ఊగిసలాట ఎక్కువగానూ, లోతుగా మునిగితే తక్కువగానూ ఉంటుంది. దీనిని గమనిస్తూ ఎలక్ట్రోడ్‌ను దించే వేగాన్ని సరిచేస్తారు. కొన స్లాగ్ నుండి బయటపడితే చాపం రగిలి, ఉక్కుకు గాలి తగిలి, శుద్ధి దెబ్బతింటుంది. ఎలక్ట్రోడ్ బరువు ఏ వేగంతో తగ్గుతున్నదో తూచి కరిగే వేగాన్ని లెక్కిస్తారు.

8. పారిభాషిక పదాల పరిశీలన:
తెలుగు పాఠ్యగ్రంథాలలో ఖనిజ మాలిన్యం, ద్రవకారి, లోహమలం అనే పదాలు స్థిరపడ్డాయి. ఖనిజ మాలిన్యంతో ద్రవకారి కలిసి లోహమలం ఏర్పడుతుందని విద్యార్థులు నేర్చుకుంటారు. బ్లాస్ట్ కొలిమి విషయంలో ఈ పదం సార్థకం. అక్కడ లోహం నుండి వేరుపడి బయటకు పోయేదే లోహమలం. ‘మలం’ అనే మాటలోని విసర్జన భావం ఆ సందర్భానికి సరిపోతుంది.

ఎలక్ట్రోస్లాగ్ ప్రక్రియలో స్లాగ్ లోహం నుండి పుట్టదు. దానిని పాళ్ళు చూసి, ఆరబెట్టి, తూచి వేస్తారు. అది విద్యుత్ నిరోధంగా వేడిని పుట్టిస్తుంది, మాలిన్యాలను ఇముడ్చుకుంటుంది, ద్రవ ఉక్కును గాలి నుండి కాపాడుతుంది, గడ్డకట్టి దిమ్మెకు పొరగా నిలుస్తుంది. ఈ నాలుగు పనులలో మాలిన్యాలను ఇముడ్చుకోవడం ఒక్కటే ‘మలం’ అనే భావానికి కొంత దగ్గర. ఈ ప్రక్రియను ‘విద్యుత్ లోహమల పునర్ద్రవీకరణం’ అని అనువదిస్తే మలాన్ని తిరిగి కరిగిస్తున్నారన్న విపరీతార్థం కూడా స్ఫురిస్తుంది. ‘ద్రవకారి’ కరిగించే గుణాన్ని మాత్రమే తెలుపుతుంది. ‘చిట్టెం’ అచ్చ తెలుగు పదం. ఇనుప చిట్టెమే ఆయుర్వేదంలోని మండూరం. దానిని శోధించి రక్తహీనతకు ఔషధంగా వాడే సంప్రదాయం ఉంది గనుక చిట్టెం అనే మాటకు పారవేయదగినది అనే అర్థం మాత్రమే లేదు. అయితే వాడుకలో అది గట్టిపడిన ఇనుప ముద్దకే పరిమితమైంది.

ఈ కారణాల వల్ల ప్రక్రియ నామంలో ‘ఎలక్ట్రోస్లాగ్’ అనే మాటను యథాతథంగా ఉంచి, చర్యను ‘పునర్ద్రవీకరణం’ అనడం ఉచితం. బ్లాస్ట్ కొలిమికి ‘లోహమలం’, ఈ కొలిమికి ‘స్లాగ్’ అని వేరుచేస్తే రెండింటి పాత్రలలోని భేదం పదాలలోనే తెలుస్తుంది. మూస, దిమ్మె, మడుగు, పొర వంటి మాటలు ఈ సందర్భానికి సహజంగా అమరుతాయి. వాటికి సంస్కృత సమాసాలను కల్పించవలసిన అవసరం లేదు.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఎలక్ట్రోస్లాగ్ కొలిమిలో వేడికి మూలం స్లాగ్ నిరోధం. ఉక్కుకూ స్లాగ్‌కూ మధ్య ఉన్న వెయ్యి రెట్లకు మించిన వాహకత్వ భేదమే వేడిని స్లాగ్‌లో కేంద్రీకరిస్తుంది.
2. విద్యుత్తునూ ఉష్ణాన్నీ విడదీసి చూడటం ఈ ప్రక్రియలో సాధ్యం కాదు. వేడి స్లాగ్ నిరోధాన్ని మారుస్తుంది, నిరోధం ప్రవాహాన్ని మారుస్తుంది, ప్రవాహం స్లాగ్‌ను తిప్పి వేడిని పంచుతుంది.
3. పుట్టిన వేడి అంతా చివరకు బయటకు పోయేదే. అది పోయే దారీ వేగమూ దిమ్మె లోపలి నిర్మాణాన్ని నిర్ణయిస్తాయి.
4. నునుపైన ఉపరితలం ఎక్కువ వేడిని, దోషరహితమైన మధ్యభాగం తక్కువ వేగాన్ని కోరుతాయి. ఈ రెండింటి సమన్వయమే కొలిమి నిర్వహణలోని నైపుణ్యం.
5. శాస్త్రపదాన్ని ఎంచుకునేటప్పుడు ఆంగ్లపదానికి నిఘంటువులో ఉన్న అర్థంతో పాటు ఆ ప్రక్రియలో ఆ పదార్థం చేసే పనిని కూడా గమనించాలి. పదార్థం ఒకటే అయినా పని మారినచోట పేరు మారడం బోధనకు మేలు చేస్తుంది.